నోట్లో దుంప

మా శాంటియాగోలో బలిసినవాణ్ణి
క్వీకో అంటారు.
ఆడమనిషైతే క్వీకా.
ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట, తలా ఒకటి చెబుతారు.
పిట్ట కూతలా ఉంటుంది,
నవ్వుతూ అనొచ్చు,
పళ్ళ సందులోంచి ఉమ్మినట్టూ అనొచ్చు.

మా అమ్మ కాలంలో పిటూకో అనేవాళ్ళు.
అందులో కాస్త అత్తరు వాసన, ఇస్త్రీ మడత ఉండేవి.
నాన్న మాత్రం మోమియో అనేవాడు,
అంటే పీనుగు,
గుడ్డ చుట్టి దాచిన, ఎంతకీ కుళ్ళని పాత పీనుగు.
తర్వాత ఆ మాట పైకి అనకూడని ఏళ్ళొచ్చాయి.
కొన్నాళ్ళు తలుపు గడియ వేసి అన్నాడు.
కొన్నాళ్ళకి గడియ వేసి కూడా అనలేదు.

నేను ఓర్ఫెలీనాని. చిలోయే దీవి మనిషిని.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ సంతలో
దుంపలమ్ముతున్నాను.
అందుకే ఇది నాకు పట్టింది:
క్వీకోలు నోట్లో బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడతారని
ఊరంతా అంటుంది కదా,
ఏ దుంప?
పచ్చిదా, ఉడికిందా, తొక్కతోనా?
అడగాలి, నా వ్యాపారం కదా.

చిన్నప్పుడు బూడిదలోంచి తీసిన దుంప
ఆగలేక నోట్లో వేసుకునేవాళ్ళం.
నాలుక చుర్రుమనేది,
ఉఫ్ ఉఫ్ అంటూ పొట్టి పొట్టి మాటలే వచ్చేవి,
సగం మాట మింగేసేవాళ్ళం దుంపతో పాటు.
ఇప్పటికీ మా మాట అంతే.
వాళ్ళది చల్లారిన దుంప అయ్యుంటుంది.
మింగాలన్న తొందర లేని దుంప.

ఊరి మధ్యలో ఒక చౌరస్తా.
అక్కణ్ణుంచి పైకి వాళ్ళు, కిందికి మేము.
మాటవరసకి కాదు, నిజంగానే ఎత్తు:
పెద్ద వాన పడితే
వాళ్ళ తోటల ఎరువు వాసన
మా వాకిళ్ళలోకి నడిచొస్తుంది.

మొన్న మా ఆయన మోకాలి కోసం
ఆసుపత్రికి ఫోను చేశాను.
మూడుసార్లు లైన్లో ఉండమన్నారు,
మూడుసార్లూ కట్టయింది.
నాలుగోసారి
నేనూ ఒక దుంప పెట్టుకున్నాను నోట్లో,
ఉత్తుత్తి దుంపే.
గొంతు ముక్కులోకి లాగాను,
మాట చివర్న మేం తగిలించే "పో" తీసేశాను,
ప్రపంచంలో నాకే తీరికున్నట్టు సాగదీశాను.
మంగళవారం పొద్దున్నే రమ్మన్నారు.
సెన్యోరా అని కూడా అన్నారు.

ఉల్లిపాయల హెరాల్దో విన్నాడు.
ఆ రోజు నుంచి సంతంతా నేను క్వీకాని.
నవ్వాను గానీ,
ఆ మాట మీద పడితే ఎలా ఉంటుందో తెలిసింది.
బరువేం లేదు.
గోళ్ళ కింద మట్టిలా
ఎంత కడిగినా కొంచెం మిగులుతుంది.
(హెరాల్దోని వాళ్ళ మేనల్లుడు క్వీకో అంటాడట,
ఐసుముక్కలు రాల్చే ఫ్రిజ్జు కొన్నాడని.
ఆ పిల్లాణ్ణి ఇంకెవరంటారో.)

శనివారం శనివారం దోన్యా ఇగ్నాసియా
పైనుంచి దిగి వస్తుంది,
నా ఊదారంగు దుంపల కోసం.
మా దీవిలో కరువు ఏడాది తిన్న దుంపలవి,
మంచి ఏడాది పందులకి వేసినవి.
ఇప్పుడు ఆమె విందులో
తెల్లపళ్ళెం మధ్యలో మూడంటే మూడు ముక్కలట.
ఫోటో చూపించింది. బాగున్నాయి.

ఇవాళ, తక్కెడ ముల్లు ఇంకా ఊగుతుండగానే
అడిగింది:
"నిజం చెప్పు ఓర్ఫెలీనా,
ఇక్కడ కింద మమ్మల్ని ఏమంటారు?"

హెరాల్దో ఉల్లిపొట్టు ఊదడం ఆపాడు.

"కసేరా అంటాం" అన్నాను.
అబద్ధం కాదు.
అమ్మేదాన్ని కొనేదీ, కొనేదాన్ని అమ్మేదీ
పిలుచుకునే మాట అది,
సంతలో ఇద్దరికీ ఒకటే.

"అది కాదు, రెండోది" అంది,
సాగదీసి, మెల్లగా, ఆ చల్లారిన గొంతుతోనే.
మొదటిసారి భయపడ్డట్టు కనిపించింది.

నేనేం మాట్లాడలేదు.
తూకం సరిపోయింది.
కొసరుగా ఒక దుంప వేశాను సంచిలో,
చిన్నది,
నోట్లో పట్టేంతది.